చేబదులు

న్యూహేవెన్ రేవులో రాత్రి పడవ కూత పెట్టాక
డెస్మండ్ పేపరు విప్పుతాడు.
"ఇదిగో, మీ మాట" అంటాడు
చెప్పులో దూరిన రాయిని తీసి చూపించినట్టు.

ఇవాళ్టి మాట: కూ.
ఎక్కడో రేడియో స్టేషన్ చుట్టూ ట్యాంకులు నిలబడ్డాయట,
దేశం పేరు కెటిల్ మోతలో కలిసిపోయింది.
పావురంలా పలుకుతాడు, పెదాలు ముందుకు చాపి.
నేను దియెప్‌లో పుట్టినదాన్ని, చేపల బజారు వెనక వీధిలో.
మా ఇంట్లో కూ అంటే దెబ్బ.
తలుపు మీద ఓ దెబ్బ, చీపురుతో ఓ దెబ్బ,
ఫోను చేసినా దెబ్బే,
నాన్న నిలబడి గ్లాసెత్తి గొంతులో పోసుకున్నా దెబ్బే.
మాది కూ దేతా, రాజ్యం మీద దెబ్బ.
మీవాళ్లు పడవెక్కించేటప్పుడు
దెబ్బని పట్టుకుని రాజ్యాన్ని రేవులోనే వదిలేశారు.
ఎవరికి తగిలిందో ఇప్పుడా మాటలో లేదు.

చేబదులిచ్చిన గిన్నె తిరిగొస్తే
అడుగు తిప్పి సొట్ట చూసుకుంటాం కదా.
నేను చూసుకునేదీ అంతే, కోపం కాదు.

లెస్సే ఫేర్ అంటే నీకేదో సిద్ధాంతం,
మెత్తటి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెప్పేది.
నాకది మా అమ్మ మర్సెలీన్ గొంతు.
కొళాయి కారుతోందని నాన్న రెంచీ పట్టుకుంటే
"వదిలెయ్, దాని మానాన దాన్ని పోనీ" అంది.
వదిలేశాడు.
మూడో రోజుకి కింది వాటా వాళ్ల సీలింగు ఊడి
సూప్ గిన్నెలో పడింది.
ఆ సిద్ధాంతం గురించి నాకు తెలిసిందింతే.

ఫేతకోంప్లీ, జరిగిపోయిన పని:
గాస్పార్ కుక్కపిల్లని తెచ్చి, పేరు పెట్టి, పాలు పట్టి
ఆ తర్వాత అడిగాడు, తెచ్చుకోనా అమ్మా అని.
ఇప్పుడు సరిహద్దు దాటేసిన సైన్యాలకీ అదే మాట రాస్తున్నారు.
ఆ కుక్కకి కనీసం ఆకలేసింది, డెస్మండ్.

కోర్దోఁ సనితేర్ అని నువ్వు చదివిన రోజు
మిగతా వార్త నేను వినలేదు.
మెట్ల దగ్గర నాన్న కట్టిన తాడు, పాత వల నుంచి కోసింది,
ఉప్పు వాసన.
అవతల సోలాంజ్, ఏడేళ్లది, గొంతు వాచి,
తాడు కింద నుంచి బొమ్మని మా వైపు తోసేది.
ముట్టుకోవద్దన్నారు.
ముట్టుకోలేదు.

దేతాంత్ మాత్రం అతను నెమ్మదిగా పలుకుతాడు,
వేడి రొట్టె తుంచినట్టు.
పంతొమ్మిదేళ్లప్పుడు జర్మనీలో ముళ్లకంచె పక్కన
మంచులో కాపలా కాశాడు.
ఆ మాట పేపర్లకెక్కిన వారం సెలవు దొరికింది.
ఆ సెలవులోనే దియెప్‌లో దిగాడు,
నా దగ్గర కిలో ఆల్చిప్పలు కొన్నాడు,
ఎలా తినాలో తెలియక నన్నే అడిగాడు.
కాబట్టి ఆ మాటకి మేమిద్దరం బాకీ.

నలభై ఏళ్లుగా చెప్పనిది ఈ రాత్రి చెప్పాను:
దేతాంత్ అంటే బిగువు సడలడం, నిజమే.
నాన్న బాతుల వేటకి తీసుకెళ్లే తుపాకీలో
వేలు ఆనించే మీటకీ అదే పేరు.
నొక్కితే లోపల బిగిసిందేదో సడలుతుంది మరి.

చాలాసేపు ఏమీ అనలేదు.
చూపుడువేలుని కప్పు పిడిలోంచి బయటికి లాగి
ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.
బయట పడవ వెళ్లిపోయింది,
కిటికీ అద్దం కాసేపు వణికింది.

తర్వాత "రప్రోష్‌మెంట్" అన్నాడు,
కుర్చీ నా పక్కకి ఈడుస్తూ.
కుర్చీ కాలు కొత్త లినోలియం మీద పొడుగ్గా గీరింది.
మాట తప్పుగా పలికాడు.
నేను దిద్దలేదు.